చదరంగం బోర్డు కొనే ముందు: చెక్క సెట్టా, ఎలక్ట్రానిక్ బోర్డా?



దసరా సెలవులకు ముందు మన చెస్ క్లబ్ పిల్లలను ఒక అండర్-11 టోర్నమెంట్‌కు తీసుకెళ్లాం. మూడో రౌండ్‌లో మన మూడో తరగతి బాబు ఒకడు మంచి ఆధిక్యంలో ఉన్నాడు. క్వీన్‌ను జరపబోయి పక్కనే ఉన్న రాజును పట్టుకున్నాడు. ఆడాలనే ఉద్దేశంతో ఏ పావును ముట్టుకుంటే ఆ పావునే ఆడాలన్నది నియమం. ఆర్బిటర్ కూడా ఏమీ చేయలేరు. రాజును జరపక తప్పలేదు. ఆ తర్వాత నాలుగు ఎత్తుల్లో ఆట చేజారిపోయింది.

బయటికొచ్చాక కళ్లు తుడుచుకుంటూ వాడు ఒక్క మాట అన్నాడు: "మా ఇంట్లో పొడుగ్గా ఉండేది క్వీన్ సార్."

వాళ్ల ఇంట్లో ఉన్నది పుట్టినరోజుకు ఎవరో ఇచ్చిన గాజు సెట్. అందులో రాజుకూ రాణికీ ఎత్తులో తేడా తారుమారుగా ఉందట. మిగతా సాధన అంతా ఫోన్‌లోనే. వాళ్ల నాన్నగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు: "సార్, ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి చూశాం. అరవై వేల దాకా చెబుతున్నారు. కష్టమే, కానీ వాడి కోసం కొనేద్దామనుకుంటున్నాం. మీరేమంటారు?"

ఆ వరండాలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది. ఈ మధ్య చాలామంది తల్లిదండ్రులు ఇదే ప్రశ్న అడుగుతున్నారు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన దేశానికి రెండు విభాగాల్లోనూ స్వర్ణం వచ్చింది. ఆ జట్లలో మన హరికృష్ణ, అర్జున్ ఎరిగైసి, ద్రోణవల్లి హారిక ఉన్నారు. అదే ఏడాది చివర్లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. ఇవన్నీ చూసిన పిల్లలు బోర్డు కావాలని అడగడం సహజం. ఏది కొనాలో, ఎంత పెట్టాలో, దేనికి పెట్టకూడదో ఈ నెల వివరంగా చూద్దాం.

ముందు టేపు తీసుకోండి

చెస్ సెట్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది కొలత. కర్ర, రంగు, పెట్టె అందం ఇవన్నీ ఆ తర్వాతే.

టోర్నమెంట్లలో వాడే పావుల ఆకారాన్ని స్టాంటన్ నమూనా అంటారు. 1849లో ఇంగ్లండ్‌లో నథానియల్ కుక్ పేరుతో ఈ నమూనా నమోదైంది. లండన్‌కు చెందిన జాక్వెస్ సంస్థ దీన్ని తయారుచేసి, అప్పటి ప్రసిద్ధ ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ పేరుతో అమ్మింది. దీని గొప్పతనం అందంలో కన్నా గుర్తుపట్టే సౌలభ్యంలో ఉంది. రాజు తలమీద శిలువ, క్వీన్‌కు పళ్ల కిరీటం, బిషప్‌కు కోసినట్టుండే గాటు, రూక్‌కు కోట బురుజు. ఇంట్లో తాతయ్య మంత్రి, ఏనుగు అని పిలిచినా, పిల్లలు క్వీన్, రూక్ అన్నా, చూపు పడగానే ఏది ఏదో తెలిసిపోవాలి. ఐదు నిమిషాల గడువులో పిల్లవాడి కంటికి ఆ తేడా అందాలి.

అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే సూచించే ఎత్తులు ఇవి: రాజు 9.5 సెంటీమీటర్లు, క్వీన్ 8.5, బిషప్ 7, గుర్రం 6, రూక్ 5.5, బంటు 5. రాజు అడుగు వెడల్పు దాని ఎత్తులో 40 నుంచి 50 శాతం ఉండాలి. బోర్డు మీద ఒక్కో గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు ఉండాలి. అమ్మేవాళ్లు సాధారణంగా అంగుళాల్లో చెబుతారు. "మూడు ముప్పావు అంగుళాల రాజు" అంటే 9.5 సెంటీమీటర్లే. "రెండుంపావు అంగుళాల గడి" అంటే 5.7 సెంటీమీటర్లు. అటువంటి గడులు ఎనిమిది కలిస్తే అంచులు కాకుండా దాదాపు 46 సెంటీమీటర్ల బోర్డు అవుతుంది.

కొలబద్ద లేకపోయినా ఒక చిన్న పరీక్షతో తేల్చుకోవచ్చు. ఒక గడిలో నాలుగు బంట్లు పెట్టి చూడండి. నాలుగూ సరిగ్గా పడితే బోర్డూ పావులూ ఒకదానికొకటి సరిపోయినట్టే. గడి నిండకుండా చాలా ఖాళీ మిగిలితే బోర్డు పెద్దది. పొర్లిపోతే బోర్డు చిన్నది, ఆటలో పావులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మన ఊరి దుకాణాల్లో దొరికే మడత పెట్టె సెట్లు చాలావరకు ఈ రెండో రకమే.

మొదటి సెట్: ప్లాస్టిక్ చాలు

కొత్తగా నేర్చుకునే పిల్లలకు చెక్క సెట్ అక్కరలేదు. టోర్నమెంట్ కొలత ప్లాస్టిక్ పావులు, చుట్టి పెట్టుకునే వినైల్ బోర్డు చాలు. రెండూ కలిపి సాధారణంగా వెయ్యి, రెండు వేల రూపాయల్లో వచ్చేస్తాయి. కిందపడినా విరగవు. తడి గుడ్డతో తుడుచుకోవచ్చు. బడి సంచిలో పడతాయి. మన దగ్గర జరిగే చాలా టోర్నమెంట్ల ప్రకటనల్లో "ఆటగాళ్లు తమ చెస్ సెట్, గడియారం వెంట తెచ్చుకోవాలి" అని ఉంటుంది. అప్పుడు తీసుకెళ్లాల్సింది ఇదే.

ప్లాస్టిక్‌లో కూడా బరువు చూడండి. లోపల డొల్లగా ఉండే పావులు ఫ్యాన్ గాలికీ, పిల్లల చేతి తగులుకూ పడిపోతుంటాయి. అడుగున బరువు పోసిన పావును వేలితో కాస్త వంచి వదిలితే మళ్లీ నిలబడుతుంది. 32 పావులూ కలిపి దాదాపు కిలో తూగితే పిల్లల ఆటకు బాగుంటుంది. పెట్టెలో అదనంగా రెండు క్వీన్‌లు, అంటే మొత్తం 34 పావులు ఉన్న సెట్ తీసుకోండి. బంటు చివరి వరుసకు చేరినప్పుడు రెండో క్వీన్ కోసం వెతుక్కోనక్కరలేదు.

అయస్కాంతం ఉన్న చిన్న సెట్లు రైలు ప్రయాణానికి మంచివే. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇంట్లో ఇంకా చిన్న బిడ్డ ఉంటే ఊడివచ్చిన అయస్కాంతాలు చాలా ప్రమాదం. రెండు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గడియారాల్లో, రిమోట్లలో వాడే బటన్ బ్యాటరీలతోనూ అంతే జాగ్రత్త అవసరం.

చెక్క సెట్: కర్ర పేరు కాదు, కర్ర చూడండి

పిల్లవాడు రెండు మూడేళ్లు ఆడి, ఆటను నిజంగా ఇష్టపడుతున్నాడని తెలిశాక చెక్క సెట్ గురించి ఆలోచించవచ్చు. చేతికి పావు బరువు తగలడం, బోర్డు మీద పెట్టినప్పుడు వచ్చే మెత్తని చప్పుడు, ఇవి ఆట ముందు కూర్చోవాలనిపించేలా చేస్తాయి. ఇంట్లో ఒక బల్ల మీద అలా అమర్చి ఉంచిన బోర్డు పిల్లలను తనవైపు పిలుస్తుంది.

ప్రపంచంలో అమ్ముడయ్యే చెక్క సెట్లలో ఎన్నో మన పంజాబ్‌లోని అమృత్‌సర్‌లో తయారవుతాయి. విదేశీ కంపెనీల పేరుతో వచ్చే సెట్లు కూడా చాలావరకు అక్కడి చేతుల్లోంచే వెళతాయి. కాబట్టి విదేశీ పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కరలేదు.

తెల్ల పావులు సాధారణంగా బాక్స్‌వుడ్ అనే లేత పసుపు కర్రతో చేస్తారు. తేడా అంతా నల్ల పావుల్లోనే ఉంటుంది. వాటిలో నాలుగు రకాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది రంగు వేసిన బాక్స్‌వుడ్. దీన్ని "ఎబోనైజ్డ్" అంటారు. కర్ర అదే, పైన నల్ల రంగు. ధర తక్కువ, ఆటకు ఏ లోపమూ లేదు. కానీ రంగు నాసిరకమైతే చెమటకు వదులుతుంది. నేనే ఒకసారి ఆన్‌లైన్‌లో ఫొటో చూసి "ఎబోనీ" అనుకుని ఒక సెట్ కొన్నాను. ఒక్క వేసవి గడిచేసరికి పావులు తుడిచిన తెల్ల చేతిరుమాలు నల్లబడింది. మళ్లీ ప్రకటన తెరిచి చూస్తే అందులో ఉన్నది "ఎబోనీ ఫినిష్" అన్న మాట. ఫినిష్ అంటే పై పూత మాత్రమేనని డబ్బు పెట్టాక తెలిసింది.

రెండోది శీషం. గోధుమ రంగు, కంటికి కనిపించే చారలు. బలమైన కర్ర, ధర మధ్యస్థం. చాలామంది తల్లిదండ్రులకు నేను సూచించేది ఇదే. అమ్మేవాళ్లు దీన్ని "గోల్డెన్ రోజ్‌వుడ్" అని కూడా అంటారు. పేరు మారినంత మాత్రాన ధర రెట్టింపు ఇవ్వకండి.

మూడోది పడౌక్. ఎర్రగా మెరిసే కర్ర. "బ్లడ్ రెడ్" వంటి పేర్లతో వస్తుంది. ఇది మన శేషాచలం ఎర్రచందనం కాదు. ఎర్రచందనానికీ మన వేగిసకూ దాయాది జాతి. ఎర్రచందనం వ్యాపారం మీద గట్టి ఆంక్షలున్నాయి కాబట్టి ఎవరైనా "ఎర్రచందనం చెస్ సెట్" అని అమ్మజూపితే దూరంగా ఉండటం మేలు. పడౌక్ ఎరుపు వెలుతురుకు నెమ్మదిగా గోధుమ రంగులోకి మారుతుంది. అది లోపం కాదు, కర్ర స్వభావం.

నాలుగోది అసలు ఎబోనీ. నల్లగా, బరువుగా ఉంటుంది. మన బీడీ ఆకు తునికి చెట్టు ఈ కుటుంబానిదే. ధర అన్నిటికన్నా ఎక్కువ. పొడి వాతావరణంలో చీలిక వచ్చే స్వభావమూ ఎక్కువే. వేసవిలో ఏసీ గాలికి ఎదురుగా పెట్టకూడదు. స్కూలు పిల్లలకు ఇది అవసరం లేదు.

కొండపల్లి బొమ్మ చేసేవాళ్లు తెల్లపొణికిని ఎంచుకుంటారు. అది తేలిక, మెత్తన. బొమ్మకు అదే కావాలి. చదరంగం పావుకు కావలసింది దీనికి వ్యతిరేకం. గట్టి కర్ర, అడుగున బరువు. అందుకే షోకేసు కోసం చేసిన పావులు చూడముచ్చటగా ఉన్నా ఆటకు పనికిరావు.

బరువు విషయంలో ఒక మాట. ప్రకటనల్లో "డబుల్ వెయిటెడ్", "ట్రిపుల్ వెయిటెడ్" అని రాస్తారు. వీటికి అందరూ పాటించే ఒకే ప్రమాణమేమీ లేదు. ఒకరి డబుల్ మరొకరి ట్రిపుల్ కావచ్చు. కాబట్టి మొత్తం పావుల బరువు గ్రాముల్లో ఎంతో అడగండి. లోపల పోసింది ఇనుమా, సీసమా అని కూడా అడగండి. అడుగున అతికించిన ఫెల్ట్ గుడ్డ ఊడి బరువు బయటపడితే ఆ పావును చిన్నపిల్లలకు అందకుండా తీసేయండి.

ఇక గుర్రం. మిగతా పావులన్నీ తిరిగే యంత్రం మీద మలచవచ్చు. గుర్రం తలను మాత్రం చేత్తో చెక్కాలి. సెట్ ధరలో పెద్ద వాటా దానిదే. నాలుగు గుర్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. చెవులు, ముక్కు, మెడ వంపు దాదాపు ఒకేలా ఉంటే పనివాడు మంచివాడు. జూలు మీద సన్నని పళ్లు మరీ ఎక్కువున్న గుర్రాన్ని ఎంచుకోకండి. పిల్లల చేతుల్లో మొదట విరిగేది అదే.

బోర్డు, మన వాతావరణం

చెక్క బోర్డులు రెండు రకాలు. గట్టి కర్ర ముక్కలను అతికించి చేసినవి ఒకటి, ప్లైవుడ్ లాంటి పలక మీద పలుచని కర్ర పొర అంటించినవి రెండోది. గట్టి కర్ర అంటేనే మంచిదని మనకు అనిపిస్తుంది. కానీ కర్ర గాలిలో తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి తీర పట్టణాల్లో వానాకాలపు తేమ, రామగుండం, కర్నూలు వేసవి ఎండ రెండూ బోర్డును వంచగలవు. మంచి పొర బోర్డు ఈ మార్పులను బాగా తట్టుకుంటుంది, ధరా తక్కువే. బోర్డును గోడకు ఆనించి నిలబెట్టకుండా చదునుగా పడుకోబెట్టి ఉంచండి.

అద్దంలా మెరిసే బోర్డు వద్దు. ట్యూబ్‌లైట్ వెలుగు గడుల మీద మెరిసి కళ్లు అలసిపోతాయి. అంచుల మీద అక్షరాలు, అంకెలు ఉన్న బోర్డు తీసుకోండి. ఎత్తులు రాసుకోవడం నేర్చుకునే పిల్లలకు అవి అవసరం. ఇంటికి తెచ్చాక అమర్చేటప్పుడు ప్రతి ఆటగాడి కుడిచేతి మూల గడి తెల్లది కావాలి. క్వీన్ తన రంగు గడిలోనే నిలబడాలి. దుకాణం ఫొటోల్లో కూడా ఇది తప్పుగా పెట్టడం చూస్తుంటాం.

ఎలక్ట్రానిక్ బోర్డు లోపల ఏముంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. 1977లో అమెరికాలో ఫిడెలిటీ సంస్థ చెస్ చాలెంజర్ అనే యంత్రాన్ని ఇళ్లకు అమ్మింది. అప్పట్లో అందులో కొనేది "ఆడగల బుర్ర". ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 1997లో కాస్పరోవ్‌ను ఓడించడానికి ఐబీఎంకు ఒక సూపర్ కంప్యూటర్ కావలసి వచ్చింది. ఈ రోజు స్టాక్‌ఫిష్ అనే ఉచిత ప్రోగ్రామ్ మీ ఫోన్‌లోనే ఏ ప్రపంచ ఛాంపియన్‌నైనా ఓడిస్తుంది. కాబట్టి "ఇందులో చాలా బలమైన కంప్యూటర్ ఉంది" అనే ప్రచారానికి డబ్బు పెట్టకండి. మీరు కొంటున్నది బుర్రను కాదు. పావు ఎక్కడుందో తెలుసుకునే బల్లను.

అలా తెలుసుకునే పద్ధతులు ప్రధానంగా మూడు.

పాత, చవక రకాల్లో పావును గడి మీద కాస్త నొక్కాలి. నొక్కిడిని బట్టి ఎత్తు నమోదవుతుంది. ప్రతిసారీ నొక్కడం పిల్లలకు విసుగు. పైగా అది నిజమైన ఆటలో ఉండని అలవాటు.

రెండో రకంలో పావు అడుగున అయస్కాంతం, గడి కింద దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. ఇక్కడ బోర్డుకు తెలిసేది "ఈ గడిలో ఏదో ఒక పావు ఉంది" అన్నంతే. ఏ పావో తెలియదు. ఆట మొదటి నుంచి ఒక్కో కదలికను లెక్కపెట్టుకుంటూ వస్తుంది. మధ్యలో పావులు చెదిరితే లెక్క తప్పుతుంది. కోచ్ ఇచ్చిన ఒక పజిల్ స్థితిని నేరుగా అమర్చి బోర్డును చదవమంటే చదవలేదు.

మూడో రకంలో ప్రతి పావులోనూ ఒక చిన్న తీగచుట్టో చిప్పో ఉంటుంది. ఏ గడిలో ఏ పావు ఉందో బోర్డుకు నేరుగా తెలుస్తుంది. పెద్ద టోర్నమెంట్లను మనం ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూడగలుగుతున్నది ఇటువంటి బోర్డుల వల్లే. ఈ రంగంలో నెదర్లాండ్స్‌కు చెందిన డీజీటీ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ధర ఎక్కువ. ఒక పావు పోతే మామూలు పావు పెడితే సరిపోదు. అదే కంపెనీ పావు తెప్పించాలి.

ఇవి కాక పావులు తమంతట తాము కదిలే బోర్డులున్నాయి. బల్ల కింద అటూ ఇటూ తిరిగే అయస్కాంతం పావును లాక్కెళుతుంది. ముంబైలో మొదలైన స్క్వేర్ ఆఫ్ 2016లో ఇటువంటి బోర్డుతో ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. చూడటానికి అద్భుతం. అయితే పావు గడులు దాటి వెళ్లడానికి సమయం పడుతుంది కాబట్టి వేగపు ఆటలకు పనికిరాదు. అవతలి ఊళ్లో ఉన్న తాతయ్యతోనో, విదేశంలో ఉన్న బాబాయితోనో నెమ్మదిగా ఆడుకోవడానికి ముచ్చటగా ఉంటుంది.

అది ఇచ్చేది, ఇవ్వనిది

ఎలక్ట్రానిక్ బోర్డు వల్ల నిజమైన ప్రయోజనం ఒకటుంది. ఫోన్ తెర మీద బోర్డు పైనుంచి చూసిన చదునైన బొమ్మ. టోర్నమెంట్ బల్ల మీద పావులకు ఎత్తుంటుంది. ముందున్న రాజు వెనకున్న బిషప్‌ను కప్పేస్తాడు. అవతలి మూలనుంచి వచ్చే బిషప్ దాడి ఫోన్‌లో సులువుగా కనిపిస్తుంది, బల్ల మీద కనిపించదు. ఫోన్‌లోనే పెరిగిన పిల్లలు హాల్లో తడబడే కారణాల్లో ఇదొకటి. ఆన్‌లైన్ ప్రత్యర్థితో నిజమైన పావులతో ఆడే వీలు కల్పిస్తుంది కాబట్టి ఈ బోర్డు ఆ లోటు తీరుస్తుంది. ఇంట్లో చెస్ వచ్చినవాళ్లు ఎవరూ లేని పిల్లలకు ఇది చాలా ఉపయోగం.

కానీ మూడు విషయాలు ముందే తెలిసుండాలి.

ఒకటి, చాలా బోర్డులకు పక్కన ఫోనో టాబో ఉండాల్సిందే. "ఫోన్ తగ్గుతుంది" అనుకుని కొన్న బోర్డు ఫోన్ లేకుండా మొదలే కాకపోవచ్చు. డీజీటీ సెంటార్ లాంటి కొన్ని మాత్రం ఫోన్ లేకుండా, తమలోని చిన్న తెరతో, ఆటగాడి స్థాయికి తగ్గట్టు ఆడతాయి. మీ ఉద్దేశం తెర సమయం తగ్గించడమే అయితే ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి.

రెండు, బోర్డే ఎత్తులన్నీ నమోదు చేస్తే పిల్లలకు రాసే అలవాటు పోతుంది. క్లాసికల్ టోర్నమెంట్లలో ప్రతి ఆటగాడూ తన ఎత్తులు తానే కాగితం మీద రాయాలి. బోర్డు నమోదు చేసినా సరే, పిల్లల చేత స్కోర్‌షీట్ రాయించండి. చివర్లో రెండూ పోల్చి చూడటం మంచి సాధన.

మూడు, ఆ బోర్డును టోర్నమెంట్‌కు తీసుకెళ్లలేరు. ఆర్బిటర్ అనుమతి లేని ఏ ఎలక్ట్రానిక్ పరికరాన్నీ ఆట జరుగుతుండగా హాల్లో దగ్గర ఉంచుకోకూడదు. ఫోన్, స్మార్ట్ వాచ్‌లకూ ఇదే నియమం. ఆట పోగొట్టుకున్న పిల్లలు కూడా ఉన్నారు. హాల్లో వాడే ఎలక్ట్రానిక్ బోర్డులు నిర్వాహకులు పెట్టినవే.

డబ్బు చెల్లించే ముందు అడగాల్సినవి

చెక్క సెట్ విషయంలో: రాజు ఎత్తు, అడుగు వెడల్పు ఎంత? గడి కొలత ఎంత? నల్ల పావులు కర్రే నల్లదా, రంగు వేసిందా? మొత్తం బరువు ఎన్ని గ్రాములు? అదనపు క్వీన్‌లు ఉన్నాయా? పగిలితే విడి పావు పంపుతారా? పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, పావులు లెక్కపెట్టి, చీలికలు చూసుకోండి.

ఎలక్ట్రానిక్ బోర్డు విషయంలో: పావును గుర్తిస్తుందా, ఉనికిని మాత్రమే గుర్తిస్తుందా? ఎత్తు చూపడానికి గడుల్లో దీపాలున్నాయా? ఫోన్ లేకుండా పనిచేస్తుందా? ఏ వెబ్‌సైట్‌తో నేరుగా కలుస్తుంది, ఏ వేగపు ఆటలకు? గడి 5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎంత తక్కువ? మన దేశంలో వారంటీ ఎవరిస్తారు, మరమ్మతు ఎక్కడ? విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం ధరలో కలిసుందా? యాప్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయింది? ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. చెక్క సెట్ మనవల దాకా వస్తుంది. యాప్ ఆగిపోయిన బోర్డు ఖరీదైన పీటగా మిగులుతుంది.

మీ ఇంటికి ఏది?

నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లలకు టోర్నమెంట్ కొలత ప్లాస్టిక్ సెట్, వినైల్ బోర్డు. అంతే.

టోర్నమెంట్లకు వెళుతున్న పిల్లలకు తర్వాతి ఖర్చు చెక్క సెట్ కాదు, డిజిటల్ చెస్ గడియారం. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలిపే పద్ధతిలో ఆడటం, పావు జరిపిన చేత్తోనే గడియారం నొక్కడం ఇంట్లోనే అలవాటు కావాలి.

రెండు మూడేళ్లుగా ఇష్టంగా ఆడుతున్న పిల్లలకు ఇంట్లో శీషం లేదా మంచి రంగు వేసిన బాక్స్‌వుడ్ సెట్. కొన్ని వేల రూపాయల్లో జీవితాంతం ఉండేది వస్తుంది.

ఇంట్లో ఆడేవాళ్లు లేక, ఆన్‌లైన్‌లో రోజూ ఆడుతూ, టోర్నమెంట్ హాల్లో మాత్రం తడబడుతున్న పిల్లలకు ఎలక్ట్రానిక్ బోర్డు ఉపయోగపడుతుంది. అయితే దానికి పెట్టే డబ్బుతో ఏడాదికి ఎన్ని టోర్నమెంట్ల ప్రవేశ రుసుములు, ప్రయాణాలు గడుస్తాయో ఒకసారి కాగితం మీద లెక్కవేయండి. అవి గడిచాక కూడా మిగిలితే కొనండి. ఈఎంఐ మీద మాత్రం వద్దు.

ఇంకో మాట. ఖరీదైన బోర్డు ఇంటికి రాగానే "జాగ్రత్త, పగలగొట్టకు" అనే మాట కూడా దాంతోపాటే వస్తుంది. ఓడిన రోజున "ఇంత పెట్టి కొన్నాం" అనే మాట నోట్లోంచి జారుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఆ మాట క్వీన్ పోవడం కన్నా బరువు. మీరు నష్టపోయినా పిల్లల ముందు ఆ మాట అనకుండా ఉండగలిగినంత ధరలోనే కొనండి.

ఆ బాబు విషయానికొస్తే, వాళ్ల నాన్నగారు ఎలక్ట్రానిక్ బోర్డు కొనలేదు. ప్లాస్టిక్ సెట్, ఒక గడియారం తీసుకున్నారు. గాజు సెట్ షోకేసులోకి వెళ్లింది. మొన్న ఒక శనివారం కలిసినప్పుడు ఆయనే చెప్పారు: "సార్, రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక ఆట ఆడుతున్నాం. నాకు ఎత్తులే సరిగా రావు. వాడే నేర్పిస్తున్నాడు." బాబు పక్కనే ఉండి నవ్వుతూ అందుకున్నాడు: "నాన్న నిన్న రాజును ముట్టుకున్నాడు సార్. ఆడించేశాను."

ఈ ఆదివారం మీ ఇంట్లో ఉన్న సెట్‌ను బయటికి తీసి, ఒక గడిలో నాలుగు బంట్లు పెట్టి చూడండి. సరిపోతే కొత్తది కొనే పనే లేదు. సరిపోకపోతే, కొనే ముందు మీ బ్రాంచ్ చెస్ కోచ్‌తో ఒకసారి మాట్లాడండి. క్లబ్ గదిలో ఉన్న సెట్లను మీరే చేత్తో పట్టుకుని, బరువు చూసి, పోల్చుకోవచ్చు.